మార్పు కనిపించడం, మార్పు తెలియడం: గిట్ నమోదు పద్ధతి – పోతన భాగవత పాఠపరిష్కరణ

వ్యాససంగ్రహం

ప్రాచీన కావ్యాల పాఠాలు కంప్యూటర్ ఫైళ్ల రూపంలోకి వస్తున్నాయి. ఆ ఫైళ్లలో జరిగే మార్పులను గుర్తించడానికి వెర్షన్ కంట్రోల్ వ్యవస్థలు, ముఖ్యంగా గిట్, అందుబాటులో ఉన్నాయి. మారిన ఫైలును గిట్ ఏ ప్రాతిపదికపై గుర్తిస్తుంది, ఆ ప్రాతిపదిక తెలుగు పాఠపరిష్కరణకు ఎంతవరకు సరిపోతుంది అన్నవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు. పలువురు కవుల చేతులు పడిన పోతన భాగవతం ఇందుకు లక్ష్యం. గిట్ మార్పును తప్పక చూపుతుంది గాని, ఆ మార్పు పాఠాంతరమో లిపి సవరణో చెప్పలేదు. ఆ వివేచనను నమోదు చేయవలసిన బాధ్యత పరిష్కర్తదే అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాఠపరిష్కరణ, పాఠాంతరం, వెర్షన్ కంట్రోల్, గిట్, పోతన భాగవతం, శకటరేఫ, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

కాజీపేట నుంచి హనుమకొండకు వెళ్లే దారిలో 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై, 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారిన ప్రాంగణం ఉంది. అదే హనుమకొండలో 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. కంప్యూటర్ శాస్త్రం చదివే విద్యార్థికి తన ప్రోగ్రాములో నిన్నటికి, నేటికి ఏయే ఫైళ్లు మారాయో చూసుకోవడం రోజువారీ పని. తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసే విద్యార్థికి ఒక పద్యం ఒక ప్రతి నుంచి మరొక ప్రతికి వచ్చేసరికి ఎలా మారిందో చూడడం శాస్త్రంలో భాగం. ఒకే ఊరి పరిసరాల్లో సాగుతున్న ఈ రెండు చదువులకూ సమస్య ఒక్కటే: మారినదాన్ని గుర్తించడం. కాని ఒకరి పద్ధతి రెండవవారికి పరిచయం కావడం అరుదు.

ఈ ఎడం వల్ల కలిగే నష్టం సిద్ధాంత గ్రంథాల్లో కనిపిస్తుంది. అంతర్జాలంలోని భాగవత పాఠం నుంచి ఒక పద్యాన్ని తీసుకొని, అందులోని ఒక పదం ఆధారంగా ఒక పరిశోధకుడు వాదం నిర్మించాడని అనుకుందాం. మూడేళ్ల తరువాత పరీక్షకుడు అదే పుట తెరిచి చూస్తే ఆ పదం వేరుగా ఉండవచ్చు. అచ్చుపుస్తకంలో ముద్రణ సంవత్సరం ఉంటుంది. పాత ముద్రణ ఏదో ఒక గ్రంథాలయంలో మిగిలి ఉంటుంది. నమోదు లేకుండా దిద్దిన ఫైలుకు పాత రూపం మిగలదు. పరిశోధకుడు తప్పు చేశాడా, పాఠమే మారిందా అన్నది తేల్చే దారి మూసుకుపోతుంది.

2. మార్పును ముందే చెప్పడం, తరువాత కనిపెట్టడం

మార్పుల నమోదుకు రెండు ప్రధాన మార్గాలు ఉన్నాయి. మొదటిది, మార్చబోయేవారు ముందే ప్రకటించే మార్గం. కాజీపేట జంక్షన్ వంటి రైల్వే కేంద్రాల్లో పనిచేసేవారికి ఇది బాగా తెలుసు. రైల్వే నియమావళిలో ఏదైనా నియమం మారితే సంఖ్య, తేదీ వేసిన కరెక్షన్ స్లిప్పు వస్తుంది. ఏ నియమంలో ఏ వాక్యం తొలగింది, దాని స్థానంలో ఏది వచ్చింది అన్నది అందులోనే ఉంటుంది. మార్పు, దాని ప్రకటన అక్కడ విడివిడిగా ఉండవు.

తొలినాటి వెర్షన్ కంట్రోల్ వ్యవస్థలు దాదాపు ఈ దారిలోనే నడిచాయి. 1972లో బెల్ ప్రయోగశాలలో మార్క్ రాచ్‌కైండ్ రూపొందించిన ఎస్‌సీసీఎస్, 1980లలో వాల్టర్ టిచీ రూపొందించిన ఆర్‌సీఎస్ వ్యవస్థల్లో ఫైలును మార్చదలచినవారు ముందుగా దాన్ని తమ పేర తీసుకొని తాళం వేసుకునేవారు. ఎవరి చేతిలో ఏ ఫైలు ఉందో ఆ తాళమే చెప్పేది.

2005లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన గిట్ రెండవ మార్గానికి చెందినది. ఇక్కడ ముందస్తు ప్రకటన లేదు. ఎవరైనా తమ ప్రతిలో ఏ ఫైలునైనా దిద్దుకోవచ్చు. వ్యవస్థను అడిగినప్పుడు అది పాత రూపంతో పోల్చి, మారినవేవో కనిపెట్టి చెబుతుంది.

వ్రాతప్రతుల పరంపర సహజంగా రెండవ మార్గంలోనే మనకు చేరింది. తాళపత్రాన్ని ఎత్తి రాసిన లేఖకుడు తాను ఏ అక్షరం మార్చాడో చెప్పడు; చాలాసార్లు అతనికే తెలియదు. ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడే తేడా బయటపడుతుంది. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, ప్రతులు సేకరించి, పోల్చి పాఠాలను సిద్ధం చేయించిన పని ఇదే. 1919లో పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ ప్రారంభించి 1966లో ముగించిన సంస్కృత మహాభారత సంశోధిత ముద్రణ ఈ పద్ధతికి భారతదేశంలో గొప్ప నిదర్శనం. తెలుగులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రచురించిన ఆంధ్ర మహాభారత సంశోధిత ముద్రణ అదే బాటలో సాగింది.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. లేఖకుడు మార్చినదాన్ని మనం కనిపెట్టవలసిందే, వేరే గతి లేదు. కాని ఆధునిక పరిష్కర్త తాను మార్చినదాన్ని తానే ప్రకటించాలి. పాదసూచికలు, పీఠికలు ఆ ప్రకటన కోసమే ఏర్పడ్డాయి. ఫైలు మీద పని మొదలుపెట్టగానే పరిష్కర్త మళ్లీ లేఖకుడిగా మారిపోవడం, అంటే మౌనంగా దిద్దడం, నేటి అసలు సమస్య.

3. గిట్ దృష్టిలో మారిన ఫైలు

గిట్ ప్రతి ఫైలును కొన్ని స్థితుల్లో ఒకదానిలో ఉంచుతుంది. వ్యవస్థకు ఇంకా అప్పగించని ఫైలు నమోదుకాని ఫైలు. అప్పగించాక పాత రూపంతో సమానంగా ఉన్నది మారని ఫైలు. తేడా ఉన్నది మారిన ఫైలు. మారినవాటిలో తరువాతి నమోదుకు ఎంపిక చేసినది సిద్ధపరచిన ఫైలు. ఈ ఎంపికల పట్టికను ఇండెక్స్ అంటారు. చివరగా చేసే శాశ్వత నమోదు కమిట్.

'గిట్ స్టేటస్' అని అడిగినప్పుడు రెండు పోలికలు జరుగుతాయి: చివరి కమిట్‌కు ఇండెక్స్‌తో, ఇండెక్స్‌కు ప్రస్తుత ఫైలుతో. ప్రతి ఫైలునూ మొదటి అక్షరం నుంచి చదవడం ఆలస్యం కనుక ఫైలు పరిమాణం, చివరగా మార్చిన సమయం వంటి వివరాలను ముందుగా చూస్తుంది. అవి ఇండెక్స్‌లో ఉన్నవాటితో సరిపోతే లోపలికి వెళ్లదు. తేడా ఉంటేనే లోపలి విషయాన్ని పోలుస్తుంది. ఫైలును తెరిచి ఏమీ మార్చకుండా మళ్లీ భద్రపరిస్తే సమయం మారుతుంది గాని, విషయం మారలేదని తేలి గిట్ దాన్ని మారినదిగా చూపదు.

సాహిత్య విద్యార్థికి ఇందులో ఎక్కువ ఉపయోగపడేది ఇండెక్స్. ఒక స్కంధం ఫైలులో పది సవరణలు చేసినా, వాటిలో మూడింటిని మాత్రమే ఎంచి నమోదు చేయవచ్చు. ఒకసారి సిద్ధపరచిన తరువాత అదే ఫైలును మళ్లీ మారిస్తే, గిట్ దాన్ని రెండు చోట్లా చూపుతుంది: అంగీకరించిన రూపం ఒకటి, ఆ తరువాత ఇంకా తేలని రూపం మరొకటి. పాఠనిర్ణయంలోనూ ఈ రెండు దశలు ఉంటాయి. పరిష్కర్తకు తోచిన పాఠం వేరు, ఆధారాలు చూసి స్వీకరించిన పాఠం వేరు. అచ్చులో రెండవది మాత్రమే కనిపిస్తుంది. గిట్ ఆ మధ్యదశకు ఒక స్థానం ఇచ్చింది.

నమోదుకాని ఫైలు అన్న స్థితిలోనూ ఒక హెచ్చరిక ఉంది. వ్యవస్థకు అప్పగించకముందు ఫైలులో ఎన్ని మార్పులు జరిగినా గిట్‌కు వాటి జాడ తెలియదు. తాళపత్రం నుంచి ఎత్తి రాసేటప్పుడే కొన్ని అక్షరాలను సరిచేసి, ఆ తరువాత మొదటి కమిట్ చేస్తే, ఆ సవరణలే మూలపాఠంగా స్థిరపడిపోతాయి. చరిత్ర ఎంత శ్రద్ధగా రాసినా అది మొదటి నమోదు నుంచే మొదలవుతుంది.

4. ఏది మార్పు? శకటరేఫ సాక్ష్యం

విషయం మారితే ఫైలు మారినట్టే అన్నది గిట్ సూత్రం. ఒక్క బైటు తేడా వచ్చినా మార్పే. ఈ నిష్పక్షపాతం దాని బలం. పాఠపరిష్కరణకు అదే పరిమితి.

ఆంగ్ల పాఠవిమర్శకుడు డబ్ల్యు.డబ్ల్యు. గ్రెగ్ 1950–51లో వెలువడిన ప్రసిద్ధ వ్యాసంలో పాఠభేదాలను రెండుగా విభజించాడు. అర్థాన్ని లేదా వ్యక్తీకరణ సారాన్ని మార్చేవి ఒక వర్గం. వర్ణక్రమం, విరామ చిహ్నాల వంటి బాహ్యరూపానికి చెందినవి రెండవ వర్గం. ఆంగ్ల గ్రంథాలకు ఈ విభజన ఎంతో ఉపయోగపడింది. దాన్ని యథాతథంగా తెలుగుకు అన్వయిస్తే ప్రమాదం ఎదురవుతుంది.

ప్రాచీన పాఠాలను నేటి పాఠకుల కోసం ఫైళ్లుగా చేసేటప్పుడు శకటరేఫను సాధురేఫగా మార్చడం, అరసున్నలు తీసివేయడం మామూలు. అవి లిపికి సంబంధించిన చిన్న సవరణలుగా, అంటే గ్రెగ్ చెప్పిన రెండవ వర్గంగా, కనిపిస్తాయి. కాని 'అరుగు' అంటే వెళ్లడం. 'అఱుగు' అంటే జీర్ణం కావడం. 'ఏడు' సంఖ్య, 'ఏఁడు' సంవత్సరం. అర్థభేదం సందర్భాన్ని బట్టి తెలిసిపోతుందని అనుకున్నా, ఛందస్సు విషయంలో అలా సరిపెట్టుకోలేం. పూర్వకవులు రేఫకూ ఱకారానికీ ప్రాస కూర్చలేదన్నది లాక్షణికుల స్థిరమైన అభిప్రాయం. కవి ఏ కాలపువాడు, అతని ఉచ్చారణలో ఈ రెండు ధ్వనులు వేరుగా ఉన్నాయా అన్న ప్రశ్నలకు ఆ ప్రాసలే సాక్ష్యం.

పోతన విషయంలో ఈ సాక్ష్యానికి మరింత ప్రాముఖ్యం ఉంది. భాగవతంలో రేఫ-ఱకారాల సాంకర్యం ఉందని లాక్షణిక సంప్రదాయంలో ఆక్షేపణ వచ్చింది. ఆ సాంకర్యం పోతనదా, శిథిల భాగాలను పూరించినవారిదా, లేఖకులదా అన్న చర్చ సాహిత్య చరిత్రలో భాగం. ఒక ఫైలులోని ఱకారాలన్నిటినీ ఒక్క ఆదేశంతో రేఫలుగా మార్చినవారు ఆ చర్చకు కావలసిన ఆధారాన్ని మొత్తంగా చెరిపివేసినట్టే. చదివేవారికి పద్యం చక్కగానే కనిపిస్తుంది. ప్రాసభంగం ఉందా లేదా అని వెదికే పరిశోధకుడికి మాత్రం చేతికి ఏదీ దొరకదు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన సందర్భమూ ఉంది. యూనికోడ్‌లో 'ఐ' గుణింతాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వాన్ని, దాని కిందకు వచ్చే ఐత్వపు గుర్తును రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. యూనికోడ్ ప్రమాణం ప్రకారం ఈ రెండూ సమానం. తెర మీద తేడా ఉండదు, అర్థంలో తేడా లేదు, ఛందస్సులో తేడా లేదు. అయినా బైట్లు వేరు కనుక గిట్‌కు ఆ పంక్తి మారినదే. కనిపించకుండా అక్షరాల మధ్య నిలిచే విభజన సంకేతాల సంగతీ ఇంతే.

కాబట్టి గిట్ నివేదికలో శకటరేఫ లోపించిన పంక్తీ, ఐత్వం సంకేతం మాత్రమే మారిన పంక్తీ ఒకే గుర్తుతో పక్కపక్కన కనిపిస్తాయి. మొదటిది సాహిత్య చరిత్రను తాకే మార్పు, రెండవది శూన్యం. ఈ రెండూ ఒకే కమిట్‌లో కలిస్తే మొదటిది రెండవదాని గుంపులో దాగిపోతుంది.

5. పంక్తి, పాదం, సంధి

మారిన ఫైలు తెలిశాక అందులో ఏది మారిందో చూపేది 'డిఫ్'. 1970లలో యూనిక్స్‌తో వచ్చిన ఈ సాధనం పంక్తిని ప్రమాణంగా తీసుకుంటుంది. ప్రోగ్రాములో ఒక పంక్తి సాధారణంగా ఒక ఆదేశం కనుక అది అక్కడ సహజం. పద్యంలో పాదాన్ని పంక్తిగా రాస్తే తెలుగుకూ సరిపోతుంది. భాగవతం చంపువు కనుక పద్యాల నడుమ దీర్ఘవచనాలు ఉంటాయి. వచనమంతా ఒకే పంక్తిగా ఉన్న ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ వచనం మొత్తం తొలగి మళ్లీ చేరినట్టు కనిపిస్తుంది.

పదాలవారీగా పోల్చే సదుపాయమూ ఉంది. అది ఖాళీల మధ్య ఉన్నదాన్ని పదంగా భావిస్తుంది. 'రాముడయోధ్యకు' అని ఒక ఫైలులో, 'రాముడు అయోధ్యకు' అని మరొక ఫైలులో ఉంటే ఒక పదం పోయి రెండు పదాలు వచ్చినట్టు చూపుతుంది. సంధి విడదీయడం వల్ల వచ్చిన తేడాను పాఠాంతరంగా లెక్కించే అవకాశం దీనితో ఏర్పడుతుంది. పదవిభజన చేసిన ప్రతిని, సంధి కలిసిన ప్రతిని వేర్వేరు ఫైళ్లుగా ఉంచి, దేని చరిత్రను దానికి విడిగా నడపడమే దీనికి మార్గం.

6. ఎవరి మార్పు? గద్య చెప్పేది, గిట్ చెప్పేది

భాగవతం పోతన ఒక్కడి రచనగా మనకు చేరలేదు. పంచమ స్కంధం గంగన, షష్ఠ స్కంధం సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయ రచించినవి. సర్వజ్ఞ సింగభూపాలుడు గ్రంథాన్ని పాతిపెట్టించగా చెదలు తిన్నాయన్న కథ ప్రచారంలో ఉంది. కథ నిజమైనా కాకపోయినా, పూరణ జరిగిందన్నది గ్రంథమే చెబుతుంది. ప్రతి స్కంధం చివర ఉన్న గద్యలో ఆ భాగాన్ని రచించినవారి పేరు ఉంటుంది. పూరించినవారు తమ రచనను పోతన పేరు మీద చెల్లించలేదు. తమ పేరుతోనే ముగించారు. కర్తృత్వాన్ని స్కంధాలవారీగా ప్రకటించిన ఈ గద్యలు ఒక కమిట్ సందేశం చేయవలసిన పనిని శతాబ్దాల కిందటే చేశాయి.

గిట్‌లో ప్రతి నమోదుకూ రచయిత, నమోదు చేసినవారు అని రెండు పేర్లు వేర్వేరుగా ఉంటాయి. కవి, లేఖకుడు అన్న ప్రాచీన విభజన దీనిలో వినిపిస్తుంది గాని, ఆ పోలిక వెంటనే తెగిపోతుంది. గిట్ కాలగణన 1970 జనవరి 1 నుంచి సెకన్ల లెక్కలో నడుస్తుంది. 15వ శతాబ్దానికి అందులో స్థానం లేదు. ఆ పేర్లు ఫైలును తయారుచేసినవారివే అవుతాయి, కవివి కాలేవు.

ఏ పంక్తి ఎవరిదో చూపే 'గిట్ బ్లేమ్' ఆదేశంలో ఈ చిక్కు స్పష్టమవుతుంది. ప్రతి పంక్తి పక్కన చివరగా దాన్ని మార్చినవారి పేరు వస్తుంది. సింగన రాసిన పాదాన్ని ఒక పండితుడు పరిష్కరించి, ఒక విద్యార్థి టైపు చేసి, మరొకరు అరసున్న తీసివేస్తే, ఆ పంక్తి పక్కన కనిపించేది అరసున్న తీసినవారి పేరే. పెద్దయెత్తున జరిగిన రూపసవరణలను విస్మరించి ముందున్న పేరును చూపే సదుపాయం 2019 నాటి వెర్షన్‌లో చేరింది. కాని ఏ నమోదును విస్మరించాలో మనిషే జాబితాగా ఇవ్వాలి. రూపసవరణను విడి కమిట్‌గా చేసినప్పుడే ఆ జాబితా సాధ్యమవుతుంది. సాధనం చివరకు పరిష్కర్త క్రమశిక్షణ మీదే ఆధారపడుతోంది.

7. ఒక ఆక్షేపణ, కొంత ఆచరణ

తెలుగు వికీసోర్స్ వంటి వేదికల్లో ప్రతి పుటకు మార్పుల చరిత్ర ఉంది, పాత రూపానికి శాశ్వత లంకె ఉంది. వేరే వ్యవస్థ ఎందుకు అని అడగవచ్చు. ఆ చరిత్ర విలువైనదే, దాన్ని ఉటంకించని పరిశోధకులదే లోపం. అయితే అక్కడ నమోదు పుటలవారీగా జరుగుతుంది. ఒకే నిర్ణయం పన్నెండు స్కంధాల్లో అమలైనప్పుడు అది పలు పుటల్లో పలు మార్పులుగా చెదిరిపోతుంది. గిట్‌లో ఒక నిర్ణయం ఎన్ని ఫైళ్లను తాకినా ఒకే కమిట్‌గా నిలుస్తుంది. పాఠపరిష్కరణలో మౌలికమైన ప్రమాణం నిర్ణయమే కనుక ఈ తేడా చిన్నది కాదు.

పై చర్చ నుంచి కొన్ని ఆచరణ సూత్రాలు తేలుతాయి. ప్రతి వ్రాతప్రతికీ ఒక విడి ఫైలు ఉండాలి; దోషాలతో సహా ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసి, దిద్దకముందే మొదటి కమిట్ చేయాలి. యూనికోడ్ సంకేతాల ఏకరూపతను ఆ తొలి నమోదుకు ముందే సాధించాలి. అర్థంతో సంబంధం లేని ఆ సవరణ ఒక్కటే ముందు చేయదగినది. పద్యంలో పాదానికి, వచనంలో వాక్యానికి ఒక పంక్తి కేటాయించాలి. లిపి సవరణ, పదవిభజన, పాఠనిర్ణయం ఈ మూడూ ఎన్నడూ ఒకే కమిట్‌లో కలవకూడదు. పాఠనిర్ణయపు కమిట్ సందేశంలో ఏ ప్రతి పాఠాన్ని వదిలి ఏ ప్రతి పాఠాన్ని తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అన్నవి ఉండాలి. సిద్ధాంత గ్రంథంలో ఎలక్ట్రానిక్ పాఠాన్ని ఉటంకించేటప్పుడు చూసిన తేదీతో పాటు కమిట్ గుర్తింపు సంఖ్యను ఇవ్వాలి. తేదీ చూసినవారి సాక్ష్యం మాత్రమే; గుర్తింపు సంఖ్య ఫైలు విషయం నుంచే గణితరీత్యా పుడుతుంది కనుక పాఠానికే సాక్ష్యం.

ఈ క్రమశిక్షణ పరిశోధకుడిపై అదనపు భారమన్న మాట నిజమే. పాదసూచికలూ ఒకనాడు అదనపు భారమే. వాటిని మోసినందువల్లే పాత పరిష్కర్తల నిర్ణయాలతో నేడు విభేదించగలుగుతున్నాం.

8. ముగింపు

మార్పు కనిపించడం ఒకటి, ఆ మార్పు ఏమిటో తెలియడం మరొకటి. మొదటిదాన్ని గిట్ ఏ పండితుడికీ సాధ్యం కానంత కచ్చితంగా చేస్తుంది. రెండవది చేయాలంటే అరుగు, అఱుగు వేరని తెలిసినవారు కావాలి. కంప్యూటర్ శాఖ మొదటిదాన్ని నేర్పుతోంది, తెలుగు శాఖ రెండవదాన్ని నేర్పుతోంది. కాజీపేట, హనుమకొండల నడుమ ఉన్న దూరం కొద్దిపాటిదే. ఒక స్కంధాన్ని ఉమ్మడిగా పరిష్కరించే పని ఒక సెమిస్టరులో మొదలుపెట్టదగినంత దగ్గర. పోతన పుట్టినట్టు చెప్పే బమ్మెర కూడా పూర్వపు వరంగల్ జిల్లాలోనిదే.

గంగన, సింగన, నారయలు చెడిన భాగాలను పూరించి ఊరుకోలేదు, పూరించినట్టు చెప్పారు. ఆ మాట చెప్పినందువల్లే ఏ స్కంధం ఎవరిదో నేటికీ విడదీసి చదవగలుగుతున్నాం. కంప్యూటర్ మీద భాగవతాన్ని దిద్దే నేటి పరిష్కర్త ఆ పాటి మాట రాసి ఉంచితే చాలు; రాయకపోతే, తరువాతి పరిశోధకుడికి ఆ దిద్దుబాటుకూ లేఖక దోషానికీ తేడా తెలియదు.